బందరు నుండి దివిసీమ దాకా - ఒక పాత కారు కోసం

బందరులో మేము పాఠాలు చెప్పే మద్రసాకు శుక్రవారం సెలవు. 2025 జనవరి మాసంలో అటువంటి ఒక శుక్రవారం ఉదయం ఫజర్ నమాజు ముగించుకొని, మా శ్రీమతితో కలిసి గుడివాడ బస్సు ఎక్కాము. మాతోపాటు మా పూర్వ విద్యార్థి ఒకరు బయలుదేరారు. చిన్నతనంలో మా వద్ద ఖాయిదా, నాజిరా చదువుకున్న ఆ యువకుడు ఇప్పుడు బందరులో కార్ల మరమ్మతు షెడ్డు నడుపుతున్నాడు. ఒకటి గుడివాడలో, మరొకటి దివిసీమలో ఉన్న రెండు పాత కార్లను చూసి, ఏదైనా ఒకటి కొనాలా, అసలు కొనకూడదా అన్నది తేల్చుకోవడమే ఆనాటి మా ప్రయాణ ఉద్దేశం.

మద్రసా ఉపాధ్యాయునికి కారెందుకని పాఠకులు అనుకోవచ్చు. మేమూ చాలా కాలం అలాగే అనుకున్నాము. మా అమ్మగారు అవనిగడ్డలో మా తమ్ముని వద్ద ఉంటారు. వయస్సు ఎనభై దాటింది. నెలకొకసారి విజయవాడలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మోకాళ్ళ నొప్పి వల్ల బస్సు మెట్లు ఎక్కలేరు. అద్దె కారు మాట్లాడితే ప్రతిసారీ 3,200 రూపాయలు. అంతకుముందు డిసెంబరులో ఒక అర్ధరాత్రి అమ్మగారికి గుండెల్లో బరువుగా ఉందని తమ్ముడు ఫోను చేశాడు. 108 వాహనం సకాలంలో వచ్చి ఆమెను ఆసుపత్రికి చేర్చింది. కాని బందరు నుండి అవనిగడ్డకు ఉన్న ముప్ఫై అయిదు కిలోమీటర్ల దూరం దాటి ఆమె మంచం పక్కకు మేము చేరేసరికి తెల్లవారింది. కళ్ళు తెరిచి "వచ్చావా నాయనా" అన్నారు. ఆ మాట మమ్మల్ని నిలువనీయలేదు.

కారు కొనడానికి చేతిలో ఉన్న సొమ్ము ఉమ్రా సొమ్ము. మా శ్రీమతి ఆరేళ్ళుగా ఇంటి ఖర్చుల్లో మిగుల్చుకుంటూ, కుట్టుపని చేసుకుంటూ కూడబెట్టిన 1,70,000 రూపాయలు. దాన్ని ముట్టుకోవాలన్న ఆలోచన మాకు రాలేదు. ఆమెకే వచ్చింది. "ఉమ్రాకు అల్లాహ్ పిలిచినప్పుడు వెళదాము. అత్తమ్మ పిలుస్తున్నది ఇప్పుడు గదా" అన్నారు. మా హనఫీ మతానుసారం ఉమ్రా సున్నత్. తల్లిదండ్రుల సేవ విధి. పుస్తకంలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. ఇంట్లో వినడం అదే మొదటిసారి.

అయినా లెక్క వేసుకోకుండా బయలుదేరలేదు. అద్దె కారుకు ఏడాదికి 38,400 రూపాయలు అవుతున్నది. సొంత కారైతే బందరు నుండి అవనిగడ్డ, అక్కడి నుండి విజయవాడ, మళ్ళీ వెనక్కి కలిపి నెలకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. దానికి పన్నెండు లీటర్ల డీజిలు, అంటే దాదాపు 1,200 రూపాయలు. ఏడాదికి 14,400. మూడవ పక్షానికి జరిగే నష్టానికి చట్టప్రకారం తప్పనిసరి అయిన భీమా వెయ్యి నుండి పదిహేను వందల సి.సి. వరకు గల కారుకు 3,416 రూపాయలు, ఆపై పన్ను. పాత బండి గనుక మరమ్మతులకు కనీసం 15,000. వెరసి 33,000 పైమాట. అంటే లక్షన్నర పెట్టి ఏడాదికి మిగిల్చేది అయిదు వేలు. ఈ లెక్కను కాగితం మీద పెట్టి చూసుకున్నాక ఒక విషయం స్పష్టమైంది. పొదుపు కోసమైతే పాత కారు కొనవలసిన పనిలేదు. అర్ధరాత్రి తల్లి పిలిచినప్పుడు వెళ్ళడానికి మాత్రమే మేము కొంటున్నాము. ఉద్దేశం ఏమిటో ముందుగా తెలిస్తే ఎంత వరకు ఖర్చు పెట్టవచ్చో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

బస్సు బందరు దాటింది. ఒకప్పుడు ఈ పట్టణం గోల్కొండ కుతుబ్‌షాహీల ప్రధాన రేవు. ఇక్కడి అద్దకపు బట్టలు పారశీక, అరబ్బు దేశాలకు ఓడలెక్కాయి. 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. వారికంటె ముందే డచ్చివారు వచ్చి ఉన్నారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన ఆ వైభవాన్ని తుడిచిపెట్టింది. ఇప్పుడు బందరు పేరు చెబితే జనానికి లడ్డు, హల్వా, రోల్డ్‌గోల్డ్ నగలు గుర్తుకు వస్తాయి. ఆ నగల సంగతి చిన్నప్పటి నుండి మాకు నచ్చుతుంది. పైన బంగారు పూత, లోపల మరో లోహం. కాని అమ్మేవారు దాన్ని పూతగానే అమ్ముతారు, కొనేవారు పూతగానే కొంటారు. ఆ పేరులోనే నిజం ఉన్నది గనుక అందులో మోసం లేదు.

పెడన వచ్చింది. వీధుల్లో కలంకారీ బట్టలు ఆరవేసి ఉన్నాయి. ఒక అద్దకపు షెడ్డు ముందు నిలిపి ఉన్న నీలిరంగు స్కూటరును చూసి మేము ముఖం పక్కకు తిప్పుకున్నాము. అది మూడేళ్ళ క్రితం వరకు మాది. దాని సంగతి తరువాత చెబుతాము.

గూడ్లవల్లేరు దాటాక రోడ్డు పక్కన కాలువ, కాలువ అవతల కోత ముగిసిన వరి చేలలో మొలకెత్తిన మినుము. ఎనిమిది గంటలకు గుడివాడ చేరాము. పట్టణం వెలుపల రోడ్డు మీదనే ఆ పాత కార్ల యార్డు. పాతిక బండ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. మా కోసం సిద్ధంగా ఉంచిన కారు తెల్లనిది, 2016 నాటిది, పెట్రోలుది. మీటరు మీద 62,000 కిలోమీటర్లు. ధర 1,65,000. అటువంటి బండికి అది చాలా తక్కువ ధర. లోపల అత్తరు వాసన వంటి సువాసన. సీట్లకు కొత్త తొడుగులు. మా శ్రీమతి కళ్ళలో సంతోషం కనిపించింది. మాకూ మనస్సు లాగింది. "మధ్యాహ్నం ఇంకో పార్టీ వస్తున్నారు, చాలకపోతే లోను ఇప్పిస్తాం" అన్నాడు యార్డు మనిషి. వడ్డీ మాట ఎత్తవద్దని చెప్పాము. రెండవ పార్టీ మాటకు మాత్రం, నిజం చెప్పాలంటే, కాస్త తొందరపడ్డాము.

తొందరపడనిది మా విద్యార్థి ఒక్కడే. ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది. "హజ్రత్, మనం రాకముందే స్టార్టు చేసి ఉంచారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయితేనే ఇంజను సంగతి తెలుస్తుంది" అన్నాడు. తరువాత ముందు సీటు బెల్టును చివరికంటా బయటికి లాగాడు. పైన రెండు మూరలు శుభ్రంగా ఉంది. చివరి మూరలో బూడిదరంగు చార, ఆ చార మీద ఎండిన ఒండ్రు. డిక్కీలో స్టెప్నీ చక్రం తీసి ఆ గుంటలో వేళ్ళు పెట్టాడు. మెత్తని మట్టి అంటుకుంది. సీట్ల కింద బోల్టులు కొత్తవి. వాటి పక్కన రేకు తుప్పు పట్టి ఉంది. ముందు లైటు అద్దం లోపల ఆవిరి మరక. అతడు మా వైపు తిరిగి నెమ్మదిగా ఉర్దూలో చెప్పాడు. "ఈ బండి నీళ్ళలో మునిగింది. సీటు మట్టం వరకు."

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఇళ్ళతో పాటు లెక్కలేనన్ని వాహనాలు మునిగాయి. ఈ కారు ఆ వరదలోనే మునిగిందో మరెక్కడ మునిగిందో మేము చెప్పలేము. మునిగినదని మాత్రం దాని బెల్టు చెప్పింది. మునిగిన కారును కడిగి ఆరబెడితే కొన్నాళ్ళు బాగానే నడుస్తుంది. వైర్ల కలయికల్లో, ఇంజనును నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలో చేరిన తేమ ఆరు నెలలకో ఏడాదికో పచ్చని చిలుమై బయటపడుతుంది. అప్పుడు నడిరోడ్డు మీద, బహుశా అర్ధరాత్రి, బహుశా మా అమ్మగారు వెనుక సీట్లో ఉండగా బండి ఆగిపోతుంది. యార్డు మనిషిని అడిగితే "వర్షానికి కాస్త తడిసి ఉంటుందిలెండి" అన్నాడు.

ఆ మాట వినగానే మాకు స్ఫురించినది సహీహ్ ముస్లింలోని ధాన్యపు రాశి వృత్తాంతం. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశి లోపలికి చెయ్యి పెట్టగా వ్రేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన తగిలిందని వర్తకుడు చెప్పాడు. ఆ తడిసినదాన్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించి, మోసం చేసేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. తడవడం వర్తకుని తప్పు కాదు. కిందకు నెట్టి దాచడమే తప్పు.

యార్డు నుండి బయటపడి పామర్రు మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాము. దారి పొడవునా ఆ మనిషిని గురించి మాట్లాడుతూనే ఉన్నాము. పాపభీతి లేకపోయిందని, జనం ఇలా తయారయ్యారని వాపోయాము. బస్సు కూచిపూడి దాటింది. అంతవరకు మౌనంగా ఉన్న మా శ్రీమతి కిటికీ వైపే చూస్తూ అడిగారు. "ఏమండీ, ఆయన్ను అంటున్నారు గాని, మన స్కూటరు సంగతేమిటి?"

మాకు జవాబు దొరకలేదు. మూడేళ్ళ క్రితం ఆ నీలిరంగు స్కూటరును పెడనలోని ఒక అద్దకపు కార్మికునికి 14,000 రూపాయలకు అమ్మాము. పది కిలోమీటర్లు నడిచేసరికి దాని ఇంజను వేడెక్కి ఆగిపోయేది. అరగంట ఆరితే మళ్ళీ నడిచేది. అతడు బండిని వీధిలో రెండు చుట్లు తిప్పి చూశాడు. బాగుందన్నాడు. అతడు అడగలేదు, మేము చెప్పలేదు. మేము ఒక్క అబద్ధమైనా ఆడలేదని ఇంతకాలం మనస్సుకు నచ్చజెప్పుకున్నాము. ఆ వారమే మద్రసాలో క్రయవిక్రయాల అధ్యాయం చెబుతున్నాము. లోపం దాచి అమ్మితే కొన్నవాడికి వస్తువును తిరిగి ఇచ్చే హక్కు ఉంటుందని, దానిని ఖియారె ఐబ్ అంటారని విద్యార్థుల చేత వల్లె వేయించాము. మాకూ యార్డు మనిషికీ తేడా ఏమిటి? అతడు తడిసిన బండిని సువాసన కింద దాచాడు. మేము మా గడ్డం, టోపీ కింద దాచాము. మౌల్వీగారి బండి గదా అని ఆ కార్మికుడు గట్టిగా పరీక్షించలేదు.

చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ వద్ద కృష్ణ పాయను దాటి దివిసీమలో అడుగుపెట్టాము. రెండు పాయలకు, సముద్రానికి నడుమ ఉన్న ఈ నేల మా జన్మభూమి. అవనిగడ్డలో దిగి జుమా నమాజు చేసుకొని ఇంటికి వెళ్ళాము. అమ్మగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. గుడివాడ సంగతి విన్నారు. స్కూటరు సంగతి మేమే చెప్పాము. ఆమె మందలించలేదు. ఉప్పెననాటి మాట ఒకటి చెప్పారు.

1977 నవంబరు 19. అప్పటికి మా వయస్సు ఏడేళ్ళు. దివిసీమ మీద సముద్రం వచ్చి పడిన రోజది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. మా అబ్బాగారికి చిన్న బియ్యం కొట్టు ఉండేది. కొట్టు నిలిచింది గాని కింది వరుస బస్తాలన్నీ తడిసాయి. బియ్యానికి జనం కటకటలాడుతున్న రోజులు. ఏ బియ్యం పెట్టినా, ఏ ధర చెప్పినా కొనేవారు. అబ్బాగారు తడిసిన బస్తాలను విప్పి కొట్టు ముందు అరుగు మీద పరచి, ఇవి తడిసినవని అడిగినవారికీ అడగనివారికీ చెప్పి, సగం ధరకు ఇచ్చారట. పొడి బియ్యాన్ని పాత ధరకే అమ్మారట. "మీ అబ్బాకు హదీసులు అన్ని రావు నాయనా. తడిసింది ముందు పెట్టాలని మాత్రం తెలుసు" అన్నారు అమ్మగారు. ఏడేళ్ళ వయస్సులో ఆ అరుగు మీద ఆడుకున్నాము. ఆ బియ్యం ఎందుకలా ఆరబోశారో యాభై నాలుగేళ్ళ వయస్సులో తెలిసింది.

రెండవ కారు కోడూరు మండలంలోని ఒక గ్రామంలో ఉంది. ఆటోలో వెళ్ళాము. యజమాని హైందవ సోదరుడు, చేపల, రొయ్యల చెరువులకు మేత, మందులు సరఫరా చేసే వ్యాపారి. 2012 నాటి చిన్న డీజిలు కారు. మీటరు మీద 2,14,000 కిలోమీటర్లు. రంగు వెలిసింది. ఆ అంకె చూసి మా శ్రీమతి నిరాశపడ్డారు. ఆ పెద్దమనిషి మజ్జిగ ఇచ్చి, మేము అడగకముందే మొదలుపెట్టాడు.

"సాయిబుగారూ, ముందు దీని రోగాలు చెబుతాను, తరువాత చూడండి. రెండో గేరు పడేటప్పుడు గరగరమంటుంది. ఏసీ చల్లబడదు. ఎడమ వెనుక తలుపు మార్చాను, ఎద్దులబండి గుద్దింది. చెరువు గట్ల మీద తిరిగిన బండి, ఉప్పుగాలికి కింద రేకు తిన్నది. టైర్లు నాలుగూ మార్చాలి." లోపలికి వెళ్ళి ఒక పొడవాటి నోటు పుస్తకం తెచ్చాడు. పన్నెండేళ్ళుగా ఆయిలు మార్చిన ప్రతి తేదీ, అప్పటి మీటరు అంకె, వేసిన ప్రతి విడిభాగం ధర అందులో ఉన్నాయి. 1,70,000 వద్ద ఇంజెక్టర్లు బాగు చేయించినట్లు రసీదు సహా ఉంది. అప్పులూ లావాదేవీలూ రాసుకోమని దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ ఆదేశిస్తున్నది. ఆ ఆదేశానికి ఇంత చక్కని ఉదాహరణ మా తరగతి గదిలో మేము చూపలేకపోయాము.

మరి వరద? 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు దివిసీమ లంకలు మునిగాయి. "నీళ్ళు వస్తున్నాయని తెలియగానే బండిని కరకట్ట మీద పెట్టి రెండు రాత్రులు అందులోనే పడుకున్నాను" అన్నాడు. మా విద్యార్థి సీటు బెల్టులు నాలుగూ లాగి చూశాడు. చెమట మరకలే తప్ప ఒండ్రు లేదు. ఇంజను చల్లగా ఉంది. తాళం తిప్పగానే రెండవ ప్రయత్నంలో స్టార్టయింది. నడుస్తున్న ఇంజను మీద ఆయిలు మూత తీసి చూశాడు. పొగ ఎగదన్నలేదు. సైలెన్సరు నుండి నీలిపొగ రాలేదు. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుస్తున్నదని, తెల్లపొగ విడవకుండా వస్తే ఇంజనులోకి నీరు చేరుతున్నదని అతడు మాకు వివరించాడు. తరువాత బండి కిందకు దూరి చిన్న సుత్తితో రేకును అంగుళం అంగుళం తట్టాడు. రెండు చోట్ల సుత్తి లోపలికి దిగింది. ప్రధానమైన చట్రం గట్టిగానే ఉంది.

ఎక్కువ తిరిగిన బండి అంటే చెడిన బండి అన్న అపోహ మాకు ఉండేది. రోజూ దూరం తిరుగుతూ వేళకు ఆయిలు మార్చిన డీజిలు ఇంజను, అప్పుడప్పుడూ తిరిగి నిర్లక్ష్యానికి గురైన బండి కంటె నయమని అతడు చెప్పాడు. కిలోమీటర్లు అరుగుదలను చెబుతాయి. ఆ అరుగుదలను ఎవరు ఎలా చూసుకున్నారో పుస్తకం చెబుతుంది.

ధర 1,30,000 అన్నాడు. మా విద్యార్థి కాగితం మీద లెక్క వేశాడు. టైర్లు 16,000, గేరు పని 8,000, కింది రేకు వెల్డింగు, పూత 7,000, ఏసీ 5,000. మొత్తం 36,000. యజమాని ఆ కాగితాన్ని చూసి కాదనలేదు. 1,08,000 వద్ద మాట కుదిరింది. మేము ఒక షరతు అడిగాము. మూడు రోజులు మా వద్ద ఉంచుకొని, నచ్చకపోతే తిరిగి ఇచ్చే వీలు కావాలని. దీనిని ఖియారె షర్త్ అంటారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దీనికి మూడు రోజుల గడువు నిర్ణయించారు. ఆ మూడు రోజుల్లో మా చేతిలో బండి నాశనమైతే నష్టం మాదేనన్నది కూడా అదే ఫిఖ్‌హ్ చెబుతున్న మాట. ఈ రెండింటినీ కాగితం మీద రాసి ఇద్దరమూ సంతకాలు చేశాము. ఆయన నవ్వి, "మీ శాస్త్రం బాగానే ఉందండీ, అమ్మేవాడికీ కొనేవాడికీ" అన్నాడు. 10,000 బయానా ఇచ్చి కారులో అవనిగడ్డ వచ్చాము. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి ఊరిలో ఒక చుట్టు తిప్పాము.

మరునాడు ఆమెను విజయవాడ ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. తిరిగి వచ్చేటప్పుడు ఉయ్యూరు దాటాక ఇంజను వేడిని చూపే ముల్లు పైకి లేవసాగింది. బండి పక్కకు ఆపాము. మా గుండె జారింది. రేడియేటరు అడుగున సన్నని కారు ఉన్నదని మా విద్యార్థి తేల్చాడు. అది యజమాని చెప్పిన రోగాల్లో లేదు. ఫోను చేస్తే ఆయన ఆశ్చర్యపోయాడు. ఆయన తిరిగేది చెరువుల మధ్య చిన్న దూరాలు గనుక అది బయటపడలేదు. "బండి తెచ్చి ఇచ్చేసినా సరే, సగం ఖర్చు నేను పెట్టుకున్నా సరే" అన్నాడు. తెలిసి దాచడం వేరు, తెలియకపోవడం వేరు. రేడియేటరుకు 6,000 అయింది. చెరి సగం పెట్టుకున్నాము. మూడవ రోజు సాయంత్రం మిగిలిన సొమ్ము ఇచ్చి బేరం స్థిరపరచుకున్నాము.

కాగితాల విషయంలో పాఠక సోదర సోదరీమణులకు ఒక మాట. డబ్బు ఇచ్చి తాళం తీసుకుంటే బండి మనది అయిపోదు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తీసుకొని రవాణా శాఖ రికార్డులో పేరు మార్పించుకోవాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. బండి మీద పూర్వం అప్పు ఉంటే అది తీరినట్లు ఫారం 35, బ్యాంకు పత్రం కావాలి. అమ్మేవారికీ ఇది అవసరమే. రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహార బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎప్పుడో అమ్మేసిన బండి చేసిన ప్రమాదానికి పాత యజమాని కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు. ఇక కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. మా బండికి అది 2027తో ముగుస్తుంది. అప్పుడు మళ్ళీ తనిఖీ, రుసుము. ఈ ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

పేరు మారాక ఆ కారులో మేము, మా శ్రీమతి పెడన వెళ్ళాము. నీలిరంగు స్కూటరు అదే షెడ్డు ముందు ఉంది. ఆ కార్మికుడు చేతులకు అంటిన రంగు కడుక్కుంటూ బయటికి వచ్చి, "రండి మౌల్వీగారూ" అని కుర్చీ వేశాడు. మేము కూర్చోలేదు. అమ్మేటప్పుడు ఇంజను వేడెక్కుతుందని తెలుసుననీ, చెప్పలేదనీ అన్నాము. అతడు కొంతసేపు స్కూటరు వైపు చూశాడు. కొన్న నెలలోనే నడిదారిలో ఆగిపోయిందని, ఇంజను విప్పిస్తే 4,500 అయిందని చెప్పాడు. ఆ సొమ్ము అతని ముందు పెట్టాము. తీసుకోనన్నాడు. మేము ఒత్తిడి చేస్తే అందులో నుండి 2,000 మాత్రం తీసుకున్నాడు.

"ఆ రోజు చెప్పి ఉన్నా నేను కొనేవాణ్ణేనండీ. రెండు వేలు తగ్గించమని అడిగేవాణ్ణి, అంతే" అన్నాడు. కాసేపు ఆగి, "ఆగిపోయిన రోజు మాత్రం మా పాపకు జ్వరం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను" అన్నాడు.

ఆ రెండవ మాటకు మా వద్ద ఇవ్వగలిగిన సొమ్ము ఏదీ లేదు. క్షమించమని అడిగాము. క్షమించాడు. పాప ఇప్పుడు బడికి వెళుతున్నదని చెప్పాడు. అల్‌హందులిల్లాహ్.

తిరిగి వస్తుండగా మా శ్రీమతి పక్క సీట్లో కూర్చుని చేతి సంచిలో మిగిలిన సొమ్ము లెక్కపెట్టుకున్నారు. ఖర్చులన్నీ పోగా దాదాపు 17,000 ఉన్నాయి. "మళ్ళీ మొదలుపెడదాము" అన్నారు. రెండో గేరు ఇంకా కొద్దిగా గరగరమంటున్నది. అది మాకు ముందే తెలిసిన చప్పుడు గనుక భయం వేయలేదు.

అమ్మేవారు, కొనేవారు నిజం పలికి లోపాలను బయటపెట్టుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలియజేస్తున్నది. ఇప్పుడు ఆ పాఠం చెప్పేటప్పుడు మేము స్కూటరు సంగతిని విద్యార్థులకు దాచకుండా చెబుతున్నాము. అల్లాహ్ మనందరి క్రయవిక్రయాల్లో బర్కత్ ప్రసాదించుగాక! మన తల్లిదండ్రులు పిలిచిన వేళకు మనల్ని వారి చెంతకు చేర్చుగాక! ఆమీన్.